గోడ కట్టకుండా హాలును విడదీయడం ఎలా: వెలుతురుతో, ఖాళీతో

డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో హాలు మామూలుగా 11 అడుగుల వెడల్పు, 20 నుంచి 22 అడుగుల పొడవు ఉంటుంది. వచ్చినవాళ్లు కూర్చునేది అక్కడే, ఇంటిల్లిపాదీ భోంచేసేది అక్కడే. టీవీ, పిల్లల హోంవర్కు, చాలా ఇళ్లల్లో దేవుడి మందిరం కూడా అక్కడే. సోఫా, డైనింగ్ టేబుల్ వచ్చేసరికి ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియని గందరగోళంగా తయారవుతుంది. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "మధ్యలో జాలీ పార్టిషన్ పెట్టించండి, అందంగా ఉంటుంది" అని. పెట్టించాక బాల్కనీ వైపు వెలుతురు ఆ జాలీ దగ్గరే చాలావరకు ఆగిపోతుంది, గాలి ఆడదు, భోజనాల వైపు పట్టపగలే లైటు వేసుకోవాల్సి వస్తుంది. ఆ చెక్కడపు రంధ్రాల్లో దుమ్ము దులపడం ఇంకో పని.

ఈ ఖర్చుకు ముందు ఇంకో దారి చూడమని నేను గట్టిగా చెబుతాను. హాలులో ఏమీ పెట్టకూడని చోటేదో ముందు తేల్చుకోండి. ఆ తర్వాత ఒక్కో పనికి ఒక్కో వెలుతురు, ఒక్కో స్విచ్ ఇవ్వండి. ఈ రెండూ కుదిరితే హాలు దానంతటదే విడిపోతుంది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లు చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. వీధి అరుగు మీద ఆరుబయటి వెలుతురు, మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువాలో నేరుగా పడే ఎండ, దాని చుట్టూ వసారాలో మెత్తటి నీడ, లోపలి గదుల్లో మసక. ఎక్కడ వడియాలు ఎండబెట్టాలో, ఎక్కడ మడతమంచం వేసుకోవాలో వెలుతురును బట్టే తెలిసిపోయేది. ఫ్లాటు హాలులో చేయాల్సింది కూడా అదే పని, చిన్న కొలతలో.

మాట స్పష్టంగా ఉండడానికి ఒక హాలును ఉదాహరణగా తీసుకుందాం. 11 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు. తూర్పు చివర బాల్కనీ, పడమట చివర వంటగది తలుపు. ఉత్తరపు గోడకు మధ్యలో సింహద్వారం, దానికి ఎదురుగా దక్షిణపు గోడలోంచి పడకగదులకు వెళ్లే దారి. ఫ్లాట్లలో తరచుగా కనిపించే అమరికే ఇది. మీ ఇంట్లో దిక్కులు మారినా లెక్క మారదు.

1. ఒక సెలవురోజు వెలుతురును గమనించండి

ఏదీ కొనకముందు, ఏదీ జరపకముందు చేయాల్సిన పని ఇది. పొద్దున 8 గంటలకు, మధ్యాహ్నం 12కు, సాయంత్రం 4కు హాలులో లైట్లన్నీ ఆపేసి, ఒకే చోట నిలబడి ఫోన్‌తో ఫొటో తీయండి. మూడు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే వెలుతురు ఎక్కడిదాకా వస్తోందో, ఎక్కడ తెగిపోతోందో కళ్లకు కడుతుంది. మామూలుగా తిరిగేటప్పుడు ఇది తెలియదు, కళ్లు సర్దుకుపోతాయి కాబట్టి.

ఒక అంచనా ఉంది. కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, దానికి రెండు నుంచి రెండున్నర రెట్ల దూరం వరకే పనికొచ్చే పగటి వెలుతురు లోపలికి చేరుతుంది. బాల్కనీ తలుపు ఎత్తు 7 అడుగులైతే 14 నుంచి 17 అడుగుల దాకా. మన 22 అడుగుల హాలులో చివరి ఐదు నుంచి ఎనిమిది అడుగులు ఎప్పుడూ మసకే. బాల్కనీకి పై అంతస్తు కప్పు అడ్డం ఉంటుంది కాబట్టి ఆ దూరం ఇంకాస్త తగ్గుతుంది. అంటే ఈ హాలుకు పుట్టుకతోనే రెండు చోట్లున్నాయి: పగలు వెలుతురుండే తూర్పు భాగం, పగలు కూడా దీపం కోరే పడమటి భాగం. మనం గీయబోయే హద్దు ఈ సహజమైన హద్దుకు దగ్గరగా ఉంటే పని తేలికవుతుంది.

దిక్కు కూడా చూసుకోవాలి. తూర్పు బాల్కనీలో పొద్దుటి ఎండ హాయిగా వస్తుంది, పది దాటితే పోతుంది. పడమటి బాల్కనీలో సాయంత్రపు ఎండ నేరుగా కళ్లలో కొడుతుంది, వేసవిలో గోడలు రాత్రి దాకా సెగలు కక్కుతాయి. అలాంటి హాలులో సోఫాను బాల్కనీకి ఆనించి వేయకపోవడమే మంచిది. దక్షిణపు కిటికీ సంగతి వేరు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర్లో నడిమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పైన సజ్జ అడ్డు లేకపోతే 7 అడుగుల ఎత్తు కిటికీలోంచి ఎండ నేల మీద ఆరడుగుల దాకా పాకుతుంది. చలికాలం పొద్దున పేపరు చదువుకోవడానికి అంతకంటే మంచి చోటు ఇంట్లో ఉండదు. ఉత్తరపు కిటికీ వెలుతురు ఏడాదంతా దాదాపు నిలకడ, మే నుంచి జులై దాకా మాత్రం సూర్యుడు నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు.

2. వెలుతురుకు అడ్డాలు తీసేయండి

పైసా ఖర్చు లేని మార్పులు ఇక్కడే ఉన్నాయి. మొదటి అడ్డం బాల్కనీలో దండెం. ఆరేసిన దుప్పటి ఒక్కటి చాలు, హాలు సగం చీకటి పడుతుంది. యుటిలిటీలో చోటుంటే బట్టలు అక్కడికి మార్చండి. లేకపోతే తాడు లాగితే పైకీ కిందికీ కదిలే సీలింగ్ హ్యాంగర్ పెట్టించి, తలుపుకు ఎదురుగా కాకుండా పక్క గోడ వైపు బిగించండి.

రెండోది కర్టెన్లు. తలుపు వెడల్పుకు సరిగ్గా రాడ్డు బిగిస్తే, పక్కకు జరిపిన కర్టెన్ గుడ్డంతా అద్దం మీదే కుప్పపడుతుంది. రాడ్డును రెండు వైపులా 8 నుంచి 10 అంగుళాలు బయటికి తీసి, సీలింగుకు దగ్గరగా పైకి బిగిస్తే గుడ్డ గోడ మీదికి జరుగుతుంది, అద్దం మొత్తం తెరుచుకుంటుంది. వీలైతే రెండు రాడ్లు: లోపల మందపు గుడ్డ, బయట పల్చటి తెల్ల గుడ్డ. పగలంతా పల్చటిది ఒక్కటే వేసుకుంటే ఎదురింటివాళ్ల చూపు పడదు, వెలుతురు చెదిరి లోపలి దాకా మెత్తగా వస్తుంది.

మూడోది రంగులు. తెలుపు, లేత క్రీము గోడలు తమ మీద పడ్డ వెలుతురులో చాలా భాగాన్ని తిప్పి పంపుతాయి, ముదురు గోధుమ రంగు లామినేట్ దాదాపు అంతా మింగేస్తుంది. అందుకే ముదురు రంగు గోడ కావాలనుకుంటే బాల్కనీ ఉన్న గోడకు వేసుకోండి, దాని మీద పగటి వెలుతురు ఎలాగూ నేరుగా పడదు. మసకగా ఉండే పడమటి భాగానికి సీలింగుతో సహా తెలుపే. అద్దం పెట్టాలనుకుంటే బాల్కనీకి ఆనుకున్న పక్క గోడ మీద పెడితే వెలుతురును లోపలికి తోస్తుంది.

3. ఖాళీని ముందు గీయండి

అందరూ సామానుతో మొదలుపెడతారు. నడిచే దారితో మొదలుపెట్టి చూడండి, సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

ఒక సుద్దముక్క, ఒక టేపు చాలు. నేల మీద రెండడుగుల చదరపు టైల్సు ఉంటే టేపు కూడా అక్కర్లేదు, ఒక్కో టైలు రెండడుగుల కింద లెక్క. ఇంట్లో రోజూ నడిచే దారులన్నీ గీయండి: సింహద్వారం నుంచి పడకగదులకు, పడకగదుల నుంచి వంటింటికి, వంటింటి నుంచి బాల్కనీకి. ఇద్దరు ఎదురుపడే దారికి మూడడుగులు, అంటే టైలున్నర. ఒక్కరే నడిచే దారికి రెండున్నర అడుగులు చాలు. అంతకంటే తగ్గితే చేతిలో పళ్లెం పట్టుకుని నడిచే మనిషి భుజం ఎక్కడో తగులుతుంది.

మన ఉదాహరణలో సింహద్వారానికీ పడకగదుల దారికీ మధ్య హాలుకు అడ్డంగా మూడున్నర అడుగుల పట్టీ వస్తుంది. ఈ పట్టీయే మీ పార్టిషన్. దీనికి తూర్పున 10 అడుగులు కూర్చునే చోటు, పడమట ఎనిమిదిన్నర అడుగులు భోజనాల చోటు. పట్టీ మీద ఏదీ రాకూడదు: షో పీస్ స్టాండు, చెప్పుల ర్యాకు, ఇంకెక్కడా పట్టక తెచ్చిపెట్టిన కుండీ, ఏవీ వద్దు. ఈ ఖాళీలో ఒక్క వస్తువు పెట్టినా అటూ ఇటూ ఉన్న రెండు చోట్లూ మళ్లీ కలిసిపోయి ఒకే ఇరుకు గదిలా కనిపిస్తాయి. ఇంత ఖాళీ వృథా కదా అనిపిస్తుంది. అది ఎలాగూ నడిచే దారే, అక్కడ ఏది పెట్టినా రోజూ దాన్ని తప్పుకుని నడవాల్సిందే.

ఇక కూర్చునే చోటు లెక్క. దక్షిణపు గోడకు సోఫా, దాని లోతు మూడడుగులు. సోఫాకూ టీపాయ్‌కూ మధ్య అడుగున్నర, కూర్చుని చెయ్యి చాపితే కాఫీ కప్పు అందేంత. టీపాయ్ రెండడుగులు. ఎదురుగా టీవీ యూనిట్ అడుగుంపావు. మొత్తం ఏడుముప్పావు అడుగులు. 11లోంచి తీసేస్తే మిగిలేది మూడుంపావు, టీవీ ముందు నుంచి బాల్కనీకి వెళ్లే దారి. ఇక్కడ టీవీ యూనిట్ లోతు రెండడుగులు చేయించుకుంటే ఆ దారి ఒక్కరే పట్టేంత ఇరుకవుతుంది. వడ్రంగికి పని చెప్పేటప్పుడు ఈ ఒక్క కొలత విషయంలో పట్టు వదలకండి.

భోజనాల వైపు ఆరుగురి టేబుల్ అంటే 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. మనిషికి రెండడుగుల అంచు కావాలి. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి రెండున్నర నుంచి మూడు అడుగులు. ఎనిమిదిన్నర అడుగుల్లో మూడడుగుల టేబుల్ పోతే రెండు వైపులా రెండుముప్పావు చొప్పున మిగులుతుంది, సరిపోతుంది. పొడుగువాటున టేబుల్‌ను సరిగ్గా మధ్యలో వేయకండి. వంటగది తలుపు ఉన్న వైపు మూడున్నర, రెండో వైపు రెండున్నర వదలండి. వేడి గిన్నెలు మోసుకొచ్చే దారి వెడల్పుగా ఉండాలి.

వాస్తు పట్టింపు ఉన్నవాళ్లకు ఈ అమరికలో ఒక సౌకర్యం ఉంది. ఈశాన్యపు మూల బరువులు పెట్టకుండా వదలాలని చెబుతారు కదా, బాల్కనీకి వెళ్లే దారి సరిగ్గా అక్కడే ముగుస్తుంది కాబట్టి ఆ మూల ఖాళీగానే ఉంటుంది.

4. సామాను ఎత్తు చూసుకోండి

వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి సుమారు మూడున్నర నుంచి నాలుగు అడుగుల ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తుకు దిగువన ఉన్నవేవీ గదిని కోయవు, పైకి లేచినవన్నీ కోస్తాయి. సోఫా వీపు రెండున్నర అడుగులు దాటకుండా చూసుకోండి. సోఫాకు, కుర్చీలకు కాళ్లు కనబడాలి. కింద నాలుగైదు అంగుళాలు నేల కనిపిస్తే వెలుతురు వాటి కిందుగా కూడా పారుతుంది, గది పెద్దదిగా అనిపిస్తుంది, చీపురు కూడా దూరుతుంది.

ఎల్ ఆకారపు సోఫా గురించి అందరూ అడుగుతారు. దాని పొట్టి భాగం బాల్కనీ వైపు వస్తే వెలుతురుకు, దారికి రెండింటికీ అడ్డమే. దారి పట్టీ వైపు వస్తే దాని వీపే హద్దుగా పనికొస్తుంది, కానీ సంక్రాంతికి చుట్టాలొచ్చినప్పుడు అది కదలదు. ముగ్గురు కూర్చునే సోఫా ఒకటి, ఎత్తి జరుపుకోగల తేలికపాటి కుర్చీలు రెండు నాకు ఎక్కువ నచ్చిన అమరిక. కుర్చీల వీపులు దారి పట్టీ వైపు, ముఖం బాల్కనీ వైపు. నలుగురు వస్తే వాటిని భోజనాల వైపు తిప్పేయొచ్చు. టీపాయ్ కింద ఒక కార్పెట్ వేస్తే సోఫా ముందు కాళ్లు, కుర్చీల ముందు కాళ్లు దాని మీదికి రావాలి. 5 అడుగులకు 7 అడుగులది కావాలి, అంతకంటే చిన్నది కొంటే టీపాయ్ కింద పడేసిన చాపలా ఉంటుంది.

టీవీని బాల్కనీకి ఎదురుగా పెడితే తెర మీద వెలుతురు ప్రతిబింబిస్తుంది, బాల్కనీ పక్కనే పెడితే కళ్లు చెదురుతాయి. అందుకే పక్క గోడ. పార్టిషన్ పెట్టక తప్పని ఇళ్లూ ఉంటాయి, తలుపు తీయగానే వంటిల్లు కనిపించకూడదనుకుంటే. అప్పుడైనా వెనక చెక్క లేని షెల్ఫు, నాలుగడుగుల ఎత్తు లోపు, హాలు వెడల్పులో మూడో వంతుకు మించకుండా చేయించుకోండి.

5. రాత్రి వెలుతురు: మొత్తం అంతే, చోట్లు వేరు

హాలుకు 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్లు (ట్యూబ్‌లైటులాంటివి) రెండు పెట్టి, రెండూ ఒకేసారి వేసుకోవడం మనకు అలవాటు. వెలుతురు సమానంగా పరుచుకుంటుంది. సమానంగా పరుచుకోవడమే ఇక్కడ చిక్కు: అంతా ఒకేలా వెలిగే గదిలో హద్దులుండవు. పక్కపక్కనున్న రెండు చోట్ల మధ్య వెలుతురు మూడు రెట్లు తేడా ఉంటే అవి వేర్వేరని కంటికి స్పష్టంగా తెలుస్తుంది. రెట్టింపు తేడా అయితే లీలగా మాత్రమే. పది రెట్లు దాటితే నాటకం స్టేజీలా ఉంటుంది, కళ్లకు శ్రమ.

ఎంత వెలుతురు కావాలో చిన్న లెక్క వేద్దాం. కూర్చునే చోటు 11 అడుగులకు 10 అడుగులు, అంటే సుమారు 10 చదరపు మీటర్లు. మాటలాడుకోవడానికి, టీవీ చూడ్డానికి 100 లక్స్ చాలు. దీపం ఇచ్చే వెలుతురును ల్యూమెన్లలో, ఒక చోట పడే వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. అంటే చదరపు మీటరుకు 100 ల్యూమెన్లు పడాలి, మొత్తం 1000. దీపం నుంచి బయల్దేరిన వెలుతురులో దాదాపు సగం గోడలకు, సీలింగుకు, డూముకు పోతుంది కాబట్టి 2000 ల్యూమెన్లు అనుకుందాం. ఒక 20 వాట్ల బ్యాటెన్ ఇచ్చేది సుమారుగా అంతే. కొత్తగా ఎక్కువ దీపాలు కొనాల్సిన పనిలేదు, ఆ 2000 ల్యూమెన్లనే మూడు నాలుగు చోట్ల నుంచి వచ్చేలా పంచుకోవాలి.

సోఫా పక్కన నిలువు ల్యాంపు ఒకటి, 9 వాట్ల బల్బుతో, 800 పైచిలుకు ల్యూమెన్లు. టీవీ వెనక గోడ మీదికి పడే స్ట్రిప్ లైటు ఒకటి. చీకట్లో తెర ఒక్కటే వెలుగుతుంటే కళ్లు అలసిపోతాయి, దీనితో ఆ బాధ తగ్గుతుంది. గోడ మీద పటమో పెయింటింగో ఉంటే దాని మీదికి ఒక స్పాట్ లైటు. పటం మధ్య భాగం నేల నుంచి ఐదడుగులు, సీలింగు పదడుగులైతే స్పాట్‌ను గోడ నుంచి సుమారు మూడడుగుల దూరంలో పెడితే వెలుతురు 30 డిగ్రీల వాలులో పడుతుంది. ఫ్రేము అద్దం మెరవదు, కింద పొడుగాటి నీడా పడదు. బ్యాటెన్‌ను తీసేయొద్దు. ఇల్లు ఊడ్చేటప్పుడు, చేజారిన సూది వెతికేటప్పుడు అదే కావాలి. వయసు పైబడినవాళ్ల కళ్లకు అదే పనికి ఎక్కువ వెలుతురు కావాలి, ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే వాళ్లు కూర్చునే కుర్చీ పక్కన సొంతంగా ఒక ల్యాంపు, చేతికి అందే స్విచ్‌తో ఉండి తీరాలి.

దారి పట్టీకి విడిగా ప్రకాశం అక్కర్లేదు. రెండు వైపుల నుంచి చిందిన వెలుతురు చాలు. అది మసకగా ఉంటేనే అటూ ఇటూ వెలుగుతున్న రెండు చోట్లూ విడివిడిగా నిలబడతాయి. కాళ్ల దగ్గర వెలిగే అర వాటు ఫుట్ లైటు ఒకటి గోడలో పెట్టిస్తే రాత్రి మంచినీళ్లకు లేచినవాళ్లకు తోడుంటుంది.

వెలుతురు రంగు విషయంలో నా అభిప్రాయం గట్టిదే. వెలుతురు రంగును కెల్విన్‌లలో చెబుతారు. షాపులో "కూల్ డే లైట్" అని ఇచ్చేది 6500 కెల్విన్, నీలం కలిసిన తెలుపు. పగలు ఆఫీసుకు బాగుంటుంది, రాత్రి ఎనిమిదింటికి అన్నం ముందు కూర్చున్నప్పుడు పప్పు, పచ్చడి, మనుషుల ముఖాలు అన్నీ పాలిపోతాయి. హాలులో కూర్చునే చోటికీ భోజనాల చోటికీ 2700 లేదా 3000 కెల్విన్ వార్మ్ వైట్, చదువుకునే బల్లకు, వంటింటికి 4000 కెల్విన్ తీసుకోండి. చదువు బల్ల ల్యాంపు తప్ప, ఒక చోట నిలబడితే కనిపించే దీపాలన్నీ ఒకే రంగులో ఉండాలి. రంగుల తేడాతో చోట్లను విడదీద్దామనుకుంటే హాలు అతుకులబొంతలా తయారవుతుంది, ప్రకాశంలో తేడా ఒక్కటే చాలు. డబ్బా మీద సీఆర్‌ఐ అని ఉంటుంది, ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె అది. 80కి తగ్గనివ్వకండి, డైనింగ్ మీదికి 90 దొరికితే అదే కొనండి, ఆవకాయ ఎరుపు ఎరుపులానే కనిపిస్తుంది.

నేల మెరిసే టైల్స్ అయితే ఇంకో జాగ్రత్త. సీలింగులోని ప్రతి దీపం నేలలోంచి మళ్లీ కంట్లోకి కొడుతుంది. దీపం గుంటలో లోతుగా కూర్చునే యాంటీ గ్లేర్ రకం తీసుకోండి, లేదా వెలుతురును గోడ మీదికి తిప్పండి.

6. భోజనాల బల్ల, ఫ్యాను

బల్ల మీద వేలాడే దీపం ఒక్కటే వెలిగించి, మిగతావి తగ్గిస్తే, గోడ లేకుండానే ఆ నలుగురైదుగురి చుట్టూ ఒక గది ఏర్పడుతుంది. బల్ల అంచు దాటాక వెలుతురు తగ్గిపోతుంది, వెనక ఫ్రిజ్, వాష్ బేసిన్ నీడలోకి వెళ్లిపోతాయి, ఎదురుగా ఉన్న ముఖాలు మాత్రం వెలుగుతాయి. ఇందుకు దీపం కింది అంచు బల్ల పైభాగం నుంచి 28 నుంచి 34 అంగుళాల ఎత్తులో ఉండాలి. అంతకంటే పైనుంటే బల్బు కళ్లలో పొడుస్తుంది, కిందికి దిగితే ఎదుటివాళ్ల ముఖానికి అడ్డం. వెలుతురు బయటికి పోనివ్వని లోహపు డూము అయితే వృత్తం చక్కగా పడుతుంది.

అయితే పత్రికల్లో ఫొటోలన్నీ ఫ్యాను లేని దేశాలవి. మన దగ్గర డైనింగ్ మీద ఫ్యాను లేకుండా మే నెల గడవదు. ఫ్యాను కింద దీపం వేలాడదీస్తే ఊగుతుంది. ఫ్యాను రెక్కల పైనో, పక్కనే సీలింగులోనో దీపం పెడితే రెక్కల నీడ గిర్రున తిరుగుతూ బల్ల మీద మినుకుమినుకుమంటుంది, తలనొప్పి తెప్పిస్తుంది. మూడు మార్గాలున్నాయి.

ఒకటి, ఫ్యానును బల్ల మధ్య నుంచి పక్కకు జరిపి, దారి పట్టీ వైపు బిగించడం. కొత్త ఇల్లయితే శ్లాబు వేసేటప్పుడే హుక్కు అక్కడ పెట్టించుకోవచ్చు. రెండు, డైనింగ్ వైపు గోడ ఫ్యాను. చప్పుడు కాస్త ఎక్కువే అయినా దీపానికి పూర్తి స్వేచ్ఛ. మూడు, వేలాడే దీపం ఆశ వదిలేసి, ఫ్యానుకు రెండు పక్కలా సీలింగులో తిప్పుకోగల స్పాట్ లైట్లు రెండు. మామూలు ఫ్యాను 48 అంగుళాలది, అంటే మధ్య నుంచి రెక్క కొసకు రెండడుగులు. స్పాట్‌ను ఫ్యాను మధ్య నుంచి మూడడుగుల దూరంలో పెట్టి బల్ల వైపు వాలిస్తే వెలుతురు రెక్కకు తగలకుండా బయట నుంచి జారుకుంటుంది. స్పాట్ కోణం 36 డిగ్రీలది అడగండి. తొమ్మిదిన్నర అడుగుల సీలింగు నుంచి బల్ల మీదికి ఏడడుగుల దూరం, ఆ కోణానికి బల్ల మీద నాలుగున్నర అడుగుల వృత్తం పడుతుంది, రెండింటితో ఐదడుగుల బల్ల నిండుతుంది. 60 డిగ్రీలది తెస్తే ఎనిమిదడుగులు పరుచుకుని బల్లకు హద్దే లేకుండా పోతుంది. ఇప్పటికే ఉన్న ఇళ్లకు ఈ మూడో మార్గమే నా సలహా.

కొనే ముందు ఒక పరీక్ష చేయండి. హోల్డరుకు వైరు కట్టి, బల్బు చుట్టూ అట్టముక్కతో డూములా చేసి, ఎవరినైనా పట్టుకోమని, మీరు కుర్చీలో కూర్చుని చూడండి. ఎంత ఎత్తులో బాగుందో ఐదు నిమిషాల్లో తేలుతుంది. అట్ట బల్బుకు ఆనకూడదు, వైరుకు అతుకులుండకూడదు.

ఫాల్స్ సీలింగ్ వేయిస్తే హాలంతా వేయించే పనిలేదు. భోజనాల బల్ల మీద మాత్రం ఆరు అంగుళాలు దించి, మిగతాది వదిలేస్తే పైన కూడా ఒక హద్దు వస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. సీలింగు తొమ్మిదిన్నర అడుగుల కంటే తక్కువుంటే అదీ వద్దు.

7. చిన్న చోట్లు

దేవుడి మందిరానికి 2700 కెల్విన్ చిన్న దీపం, విగ్రహం వెనక నుంచో పై అంచు లోపల దాగో. రంగులు మారే స్ట్రిప్పులు వద్దు, ఆ చోట ప్రమిద వెలుగే ముందు కనిపించాలి. మందిరం పైన చెక్క, ఫాల్స్ సీలింగ్ తగిలేంత దగ్గరగా ఉంటే దీపారాధన పొగకు నల్లబడుతుంది, నిప్పు ప్రమాదమూ ఉంటుంది. పైన బాగా ఖాళీ వదలండి, వైర్లు దీపం సెగకు దూరంగా వెళ్లాలి.

పిల్లల చదువు బల్ల బాల్కనీ పక్కన వేస్తే పగలు దీపం అక్కర్లేదు. కుడిచేత్తో రాసే పిల్లకు వెలుతురు ఎడమ వైపు నుంచి రావాలి, లేకపోతే రాసే అక్షరం మీద చేతి నీడే పడుతుంది. రాత్రి టేబుల్ ల్యాంపుతో పుస్తకం మీద 300 నుంచి 500 లక్స్ ఉండాలి, హాలులో పెద్దవాళ్లు టీవీ చూస్తున్నా ఆ ల్యాంపు వెలుతురు పిల్లకు ఒక గూడులా పనిచేస్తుంది.

సింహద్వారం దగ్గర చెప్పులు విప్పే చోటికి తలుపు పైన ఒక చిన్న దీపం చాలు.

8. స్విచ్చులు

ఇన్ని దీపాలు పెట్టి అన్నీ ఒకే స్విచ్ మీదికి కలిపేస్తే చేసిందంతా వృథా. ఒక్కో చోటికి ఒక్కో స్విచ్. కూర్చునే చోటి దీపాలకు సింహద్వారం దగ్గర ఒకటి, పడకగదుల దారి దగ్గర ఒకటి టూ-వే స్విచ్‌లు పెట్టిస్తే పడుకోబోయే ముందు చీకట్లో హాలు దాటాల్సిన పనుండదు. వేలాడే దీపానికి, స్ట్రిప్పుకు డిమ్మర్ (వెలుతురును తగ్గించి పెంచే స్విచ్) పెట్టించండి, బల్బు కూడా డిమ్మర్‌తో పనిచేసే రకమై ఉండాలి. కొందరు ఎలక్ట్రీషియన్లు ఫ్యాను రెగ్యులేటర్‌నే డిమ్మర్‌గా బిగించేస్తారు. ఎల్‌ఈడీలు దానితో మినుకుమంటాయి, త్వరగా పోతాయి.

కరెంటు ఖర్చుకు భయపడక్కర్లేదు. మీటరుకు పది వాట్ల లోపు తీసుకునే స్ట్రిప్ ఐదు మీటర్లు వేస్తే 48 వాట్లు. రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు ఏడు యూనిట్ల పైచిలుకు. ఇన్వర్టర్ లైనుకు డైనింగ్ దీపం, సోఫా దగ్గరి ప్లగ్గు, దారిలోని ఫుట్ లైటు కలపండి, అలంకారపు స్పాట్‌లు, స్ట్రిప్పులు వద్దు.

9. అద్దె ఇల్లయితే

గోడకు మేకు కొడితే ఓనరు ఊరుకోని ఇళ్లల్లో కూడా ఇందులో చాలా భాగం చేసుకోవచ్చు. దారి పట్టీ, సామాను ఎత్తు, కర్టెన్లు, దండెం, కార్పెట్ వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దీపాలకు ప్లగ్గులో పెట్టుకునే నిలువు ల్యాంపులు రెండు తీసుకుంటే సగం పని అయినట్టే: ఒకటి సోఫా పక్కన, ఒకటి డైనింగ్ టేబుల్ మీదికి వంగేలా పొడవాటి చెయ్యి ఉన్నది. ఉన్న హోల్డర్లలో ఫోన్‌తో ప్రకాశం మార్చుకునే స్మార్ట్ బల్బులు బిగిస్తే డిమ్మర్ కూడా అక్కర్లేదు, ఇల్లు మారేటప్పుడు విప్పుకుని పట్టుకెళ్లొచ్చు. ఎక్స్‌టెన్షన్ వైరు నడిచే దారికి అడ్డంగా రానివ్వకండి, కార్పెట్ కింద దాచకండి. గోడ వెంబడి తిప్పి, సోఫా వెనక నుంచి తెచ్చుకోండి.

10. పని మొదలయ్యే రోజు

సొంత ఇల్లయి వైరింగు మార్పిస్తుంటే, ఎలక్ట్రీషియన్‌కు నోటి మాటగా చెప్పకండి. సుద్దతో గీసిన నేల ఫొటో మీదే దీపాలు ఎక్కడో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు పక్కన వాట్లు, కెల్విన్, ఏ స్విచ్‌కు చెందుతుందో రాసి ప్రింటు ఇవ్వండి. సామాను కొలతకు పాత పేపర్లు అతికించి సోఫా, బల్ల ఆకారాలు నేల మీద పరిచి రెండు మూడు రోజులు వాటిని తప్పుకుంటూ నడిచి చూడండి. ఇరుకెక్కడో పిల్లల పరుగే చెప్పేస్తుంది. అప్పుడు దీపాల గుర్తులు ఖాయం చేయండి, ఎందుకంటే బల్ల అడుగు జరిగితే దాని మీది దీపం కూడా జరగాలి.

స్ట్రిప్ లైట్ల డ్రైవర్లు (వాటికి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే చిన్న డబ్బాలు) ఫాల్స్ సీలింగ్ లోపల శాశ్వతంగా మూసేయించకండి. స్ట్రిప్ కంటే ముందు పోయేది చాలాసార్లు డ్రైవరే, చెయ్యి దూరేంత తలుపు ఒకటి వదిలించుకోండి. సీలింగు మూసే ముందు రోజు సాయంత్రం, వైర్లు కనిపిస్తుండగానే, కొలతలు తెలిసేలా వాటి పక్కనే టేపు పరిచి, అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసుకుని దాచుకోండి. ఆ ఫొటోలుంటే రేపు ఫ్యానో, పటమో, ఇంకో దీపమో బిగించాల్సి వచ్చినప్పుడు డ్రిల్ ఎక్కడ పెట్టకూడదో తెలుస్తుంది.